ఇరవై ఆరు పెట్టెలు

మా అమ్మాయి లక్ష్మీతులసి పోయిన రోజు ఉదయం మిల్లు తాళం చెవి ఇంట్లో మేకుకే ఉండిపోయింది.

ఫిబ్రవరి నెల. ప్రీఫైనల్ పరీక్షల మధ్యలో, తులసి చదివే పదో తరగతి వాళ్ళకి చదువుకోమని ఒకరోజు సెలవిచ్చాం. మిగతా తరగతులు ఉన్నాయి కాబట్టి నేను బడికి వెళ్ళిపోయాను. మా ఆయన సత్తిరాజు గారికి పి.గన్నవరం వెళ్ళే దారిలో కొబ్బరిపీచు మిల్లు ఉంది. ఆ ఉదయం అక్కడిదాకా వెళ్ళాక జేబు తడుముకుని ఇంటికి ఫోన్ చేశారు. "అమ్మా తులసీ, తాళం చెవి మర్చిపోయేనే. కొబ్బరి డొక్కల లారీ వచ్చేసింది. సైకిలేసుకుని ఓసారి వచ్చేస్తావా?" అన్నారట. ఈ మాటలు ఆయనే నాతో చెప్పారు. ఒక్కసారే చెప్పారు.

కాలువ గట్టు మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. అంతకంటే రాయను.

ఆసుపత్రి వరండాలో మా మిల్లు మేస్త్రీ త్రిమూర్తులు నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపమన్నాడు. తాళం చెవి నా అరచేతిలో పెట్టాడు. "పిల్ల గుప్పిట్లోనే ఉందండి, టీచరుగారూ" అన్నాడు. దాన్ని ఇంటికి తెచ్చి బీరువాలో చీరల వెనక పెట్టాను. ఆయన అడగలేదు. మిల్లు మూతపడింది.

తర్వాత రెండు నెలలు మా ఇంట్లో మాటలు లేవు. "అన్నం పెట్టమంటారా?" అంటే "ఆయ్". "మజ్జిగ పొయ్యనా?" అంటే "ఆయ్". ఒక తెల్లవారుజామున లేచి చూస్తే పక్కన లేరు. నేను వీధిలోకి వచ్చేసరికి త్రిమూర్తులు ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొస్తున్నాడు.

"కాలువ లాకుల దగ్గరున్నారండి. నీళ్ళు చూస్తున్నారు, అంతేనండి" అన్నాడు.

"చెప్పులేవిరా?" అని అడిగాను.

"గట్టు మీద విడిచేరండి. తెచ్చేను" అని చంకలోంచి తీసి మెట్టు మీద పెట్టాడు. ఆ పైన మేమిద్దరం ఆ సంగతి మాట్లాడుకోలేదు. ఆ రోజు నుంచి నేను గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకున్నాను.

మార్చి ఆఖరి వారంలో బడి మెయిలుకి ఫిజీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మా పిల్లలకి ఇంగ్లీషు రాయడం అలవాటు కావాలని, రెండేళ్ళ కిందట ఆ దేశంలో ఒక చిన్న దీవిలో ఉన్న బడితో ఉత్తరాలు మొదలుపెట్టించాను. అక్కడి టీచరు పేరు లితియా. క్రితం ఏడాది వాళ్ళకి పెద్ద గాలివాన వచ్చి బడి కప్పు ఎగిరిపోయింది. కప్పు వేసుకున్నారు గాని, పుస్తకాలన్నీ ఉప్పునీటిలో నానిపోయాయి. నూట పన్నెండు మంది పిల్లలు. ఆ ఉత్తరం తులసికి రాసింది. "ప్రియమైన తులసీ, నువ్వు పంపుతానన్న పుస్తకాల గురించి మా పిల్లలు రోజూ అడుగుతున్నారు" అని ఉంది.

తులసి పుస్తకాలు పంపుతానందని నాకు తెలియదు. ఉత్తరాలు చూసి తప్పులు దిద్దడం నా పనే. ఆ ఒక్క ఉత్తరం మాత్రం నాకు చూపించకుండా పంపింది. దాని రఫ్ పుస్తకంలో నకలు దొరికింది.

ఇంగ్లీషులో రాసింది. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "మాకూ గాలివాన తెలుసు. నేను పుట్టక ముందు, తొంభై ఆరులో, మా తాతగారి కొబ్బరి చెట్లన్నీ ఒక్క రాత్రిలో పడిపోయాయి. మా నాన్నగారికి అప్పుడు పన్నెండేళ్ళు. పడిపోయిన చెట్టు మీద కూర్చుని లెక్కలు చేసుకున్నానని చెబుతారు. మీకు మేము పుస్తకాలు పంపిస్తాం. మా నాన్నగారు పెట్టెలు కడతారు. ఆయన కట్టిన పెట్టె సముద్రంలో పడినా లోపల చెమ్మ తగలదు."

రెండు తప్పులున్నాయి. దిద్దలేదు. ఆ కాగితం రాత్రి భోజనం దగ్గర ఆయన కంచం పక్కన పెట్టాను. ఆయన ఇంగ్లీషు నెమ్మదిగా చదువుతారు. చదివి, సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నారు. కాగితం మాత్రం వెంట తీసుకెళ్ళారు.

మర్నాడు నేను హెడ్మాస్టరు నాగదుర్గాప్రసాద్ గారిని కలిశాను. ఆయన నేను చెప్పిందంతా విని, గదిలో మూలనున్న బీరువా వైపు చూశారు.

"మన లైబ్రరీ బీరువాకి ఓ తలుపే లేదండి టీచరుగారూ. మనం ఫిజీకి పంపుతామా?"

"మాటిచ్చిందండి."

"మా అమ్మాయి డిక్షనరీ ఉందండి, పట్టుకెళ్ళండి. ఇంజనీరింగులో చేరింది, ఇంక దానికి ఇంగ్లీషుతో పనేం ఉంది?" అన్నారు. నవ్వించాలని అన్నారు. నేను నవ్వాను.

ఏప్రిల్లో ఒంటిపూట బళ్ళు. మధ్యాహ్నం బడి వదిలాక ఎండలో పిల్లల్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మామిడికుదురు సెంటర్లో ఒక పెద్దాయన మమ్మల్ని ఆపి, "ఆ దేశంలో ఏం పండుతాయండి?" అని అడిగారు.

"కొబ్బరికాయలండి."

"కొబ్బరి చెట్లున్నోళ్ళకి మనం సాయం ఏంటండి బాబూ! మనకే లేదు గతి."

"మనకీ చెట్లున్నాయి కదండి" అన్నాను.

ఆయన తల ఊపి, ఇంట్లోకి వెళ్ళి పిల్లల బొమ్మల పుస్తకాలు ఆరు తెచ్చి ఇచ్చారు. అమలాపురంలో ఒక కాన్వెంటు వాళ్ళు పాత ఇంగ్లీషు రీడర్లు మూడు బస్తాలు ఇచ్చారు. మా పిల్లలు తమ ప్రభుత్వ పుస్తకాలు తెచ్చారు. వాటిలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. పనికొస్తాయా అని లితియా గారిని అడిగితే, "సగం చదువుతాం, సగం బొమ్మలాగా చూస్తాం, పంపండి" అని రాశారు. ఏడో తరగతి పిల్ల ఒకతె పంచాంగం తెచ్చింది. వద్దంటే, "వాళ్ళకీ అమావాస్యలుంటాయి కదండి టీచర్!" అని వాదించింది. పంచాంగం వెనక్కి ఇచ్చేశాను.

మా మిల్లులో పీచు ఆరబెట్టే మరిడమ్మ ఒకరోజు ఇంటికి వచ్చింది. మిల్లు మూసేశాక ఆమె రొయ్యల చెరువుల దగ్గర కూలికి వెళ్తోంది. కొంగులోంచి ఒక ఎక్కాల పుస్తకం తీసింది. నాలుగు మూలలా పసుపు రాసి ఉంది.

"మా మనవడిదండి. కొత్తదే. ఆడెప్పుడూ తెరవలేదండి" అంది. తర్వాత గొంతు తగ్గించి, "అయ్యగారు మిల్లు తియ్యరాండి, టీచరమ్మగారూ?" అంది.

"తెలీదు మరిడమ్మా."

"పాప పుస్తకాలు కూడా పంపుతున్నారా?"

ఆ ప్రశ్న అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. నాకు నేనూ వేసుకోలేదు. ఆ వారమంతా తులసి అల్మరా ముందు కూర్చున్నాను. ముప్పై ఒక్క పుస్తకాలు. ప్రతిదాని మొదటి పేజీలో నీలం సిరాతో దాని పేరు, తరగతి. పేరు కొట్టివేయాలా వద్దా అని ఆలోచించి, వద్దనుకున్నాను. అక్కడ ఎవరో ఒక పిల్ల ఆ పేరు చదువుతుంది కదా అనిపించింది.

వేసవి సెలవులు వచ్చేసరికి మా వసారా నిండిపోయింది. పుస్తకాలు గోడ సగం ఎత్తు దాకా వచ్చాయి. ఒక సాయంత్రం మా ఆయన వాటి ముందు నిలబడి, ఒక పుస్తకం తీసి అంచులు బొటనవేలితో నిమిరారు.

"ఎందులో పంపుతావు?" అన్నారు.

"అట్టపెట్టెల్లోనండి. మోహన్ చెప్పేడు." మోహన్ నా పాత విద్యార్థి. విశాఖపట్నంలో ఓడ సరుకులు పంపే ఆఫీసులో పని చేస్తున్నాడు.

"ఉత్త అట్టపెట్టెల్లోనా? అక్కడికెళ్ళేసరికి పిండైపోతాయి." పుస్తకాన్ని తిరిగి దొంతర మీద పెట్టారు. "తాళం చెవి ఎక్కడ పెట్టేవు?"

బీరువా తెరిచి చీరల వెనకనుంచి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని చూడకుండా జేబులో వేసుకున్నారు.

మాకు ఇటు పక్క పగిలేది, నలిగేది ఏది పంపాలన్నా పీచులోనే సర్దుతాం. ఆవకాయ జాడీ హైదరాబాదు వెళ్ళినా, పెళ్ళికి గాజులు పంపినా, దేవుడి బొమ్మ బండెక్కినా చుట్టూ పీచు పెట్టవలసిందే. మా ఆయన అందుకు నల్ల పీచు వాడనివ్వరు. పచ్చి డొక్కల నుంచి తీసిన తెల్లపీచు, పొట్టు రాలేదాకా దులిపి, రెండు ఎండలు చూపించి వాడతారు. ఆ మే నెలలో పుస్తకాల కోసమే మిల్లు నడిపించారు. త్రిమూర్తులు వచ్చాడు. మరిడమ్మ చెరువుల కూలి మానేసి వచ్చింది.

ఆరు రోజులు పట్టింది. నేను రోజూ క్యారియరు పట్టుకెళ్ళి సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. పెట్టె అడుగున నాలుగు వేళ్ళ మందాన పీచు, దాని మీద పుస్తకాలు, మళ్ళీ పీచు, పక్కలకీ పీచు, చుట్టూ పాలితిన్ కాగితం, ఆ పైన కొబ్బరితాడు.

"ఒరేయ్ త్రిమూర్తులూ, మూల ఖాళీ వదిలేసేవు."

"ఎక్కడండి? బాగానే ఉందండి."

"వేలు పెట్టి చూడు. మూల ఖాళీ ఉంటే పుస్తకం కదుల్తుంది. కదిల్తే చెవులు మడత పడిపోతాయి. ఇవి కాయలు కాదు, పుస్తకాలు."

"ఆయ్. మీరు పాపకి పెట్టె సర్దినట్టు సర్దుతున్నారండి" అని త్రిమూర్తులు నోరు జారి, నా వైపు చూసి ఆగిపోయాడు.

మా ఆయన చేతిలో పీచు ఆగలేదు. "దాని పెట్టే" అన్నారు. ఫిబ్రవరి తర్వాత తులసి గురించి ఆయన నోటి వెంట విన్న మొదటి మాట అది.

ఐదో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన వచ్చింది. ఆరబెట్టిన పీచు మీద పరదాలు కప్పే లోపు కొంత తడిసింది. మర్నాడు మళ్ళీ ఎండలో పరిచారు. సాయంత్రం మా ఆయన గుప్పెడు తీసి వాసన చూసి, నాకు అందించారు. "ఆరిందా?" అని అడిగారు. నేనూ వాసన చూశాను. ఎండ వాసన వచ్చింది. "ఆరిందండి" అన్నాను. దానితో చివరి పది పెట్టెలు సర్దారు. మొత్తం ఇరవై ఆరు. పదిహేడో పెట్టెలో తులసి పుస్తకాలు ఉన్నాయి.

మోహన్ ఒక ఫారం పంపించాడు. పంపేవారి పేరు దగ్గర నాది రాశాను. నాలుగో ప్రశ్న: "సరుకులో మొక్కలు, మొక్కల భాగాలు, గడ్డి, గింజలు వంటివి ఉన్నాయా?" నాకు గుర్తుంది, ఆ ప్రశ్న దగ్గర కలం ఆపాను. పుస్తకాల్లో పిల్లలు ఆకులు దాచుకుంటారు కదా అని ఆలోచించాను. తులసి పుస్తకాలు సర్దేముందు ఒక్కొక్కటీ దులిపి చూశాను కాబట్టి ధైర్యంగా ఉంది. జీవశాస్త్రం రికార్డులో రెండు ఎండిన గోరింటాకులు దొరికితే తీసి నా దగ్గర ఉంచుకున్నాను. మిగతా పుస్తకాలు కూడా మా పిల్లల చేత దులిపించాను. కాబట్టి 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాను.

పీచు సంగతి తోచలేదు. ఇరవై ఏళ్ళుగా పీచు మిల్లు వాళ్ళ ఇంట్లో ఉంటున్నాను. మా వైపు పీచుని ఎవరూ మొక్క అనుకోరు. అది సరుకు.

జూన్ మొదటి వారంలో వ్యాను వచ్చి పెట్టెలు తీసుకెళ్ళింది. ఆ మర్నాటి నుంచి మా ఆయన మిల్లుకి వెళ్ళడం మొదలుపెట్టారు. నేను గుమ్మం దగ్గర చాప తీసేశాను. బడిలో చిరిగిన ప్రపంచపటం ఒకటి ఉంటే ఆయన అడిగి తీసుకుని, మిల్లు గోడకి అంటించారు. మోహన్‌కి ఫోన్ చేసి ఓడ ఎక్కడిదాకా వెళ్ళిందో కనుక్కుని, పెన్సిలుతో చుక్క పెట్టేవారు. రాత్రి భోజనం దగ్గర, "ఇవాళ సింగపూరు దాటేయి" అనేవారు. ఒకరోజు కూరలో ఉప్పు తక్కువైందన్నారు. ఆ మాటకి నాకు ఎంత ఊరటగా ఉందో ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టులో, మూడో పీరియడు అయ్యాక, స్టాఫ్ రూములో ఉండగా మోహన్ ఫోన్ చేశాడు.

"మేడం, పెట్టెలు చేరేయండి. కానీ పోర్టులో ఆపేసేరు."

"ఎందుకు బాబూ?"

"పీచండి. అందులో బతికున్న పురుగు కనిపించిందటండి. ఫోటోలు పంపించేరు. మీకు పెడుతున్నాను. వాళ్ళదీ కొబ్బరి దేశమే కదండి, బయటి పీచు అంటే భయం. మనం ఫారంలో లేదని రాసేమండి."

ఫోటోలు చూశాను. బల్ల మీద ఒక పెట్టె తెరిచి ఉంది. తెల్లపీచు చీకిపోయినట్టు నల్లబడింది. చేతి తొడుగు వేసుకున్న చెయ్యి ఒక పుస్తకాన్ని తెరిచి పట్టుకుంది. కుట్టు దగ్గర బియ్యపుగింజంత తెల్లటి పురుగులు. పై మూల నీలం సిరా పేరు సగం కనిపిస్తోంది. ఇరవై ఆరింటిలో ఫోటో తీయడానికి వాళ్ళకి పదిహేడో పెట్టే దొరికింది.

అధికారులు రాసిన ఉత్తరం మర్యాదగానే ఉంది. తప్పు వాళ్ళది కాదు. అక్కడి నుంచి ఎవరైనా పురుగు పట్టిన పీచు మా కోనసీమకి పంపితే, మన వాళ్ళూ ఒడ్డునే ఆపాలని నేను కోరుకుంటాను. పద్నాలుగు రోజుల గడువు ఇచ్చారు. పీచు తీసి కాల్చి, పుస్తకాలకి మందు పొగ పట్టించి బడికి ఇవ్వడానికి ఒప్పుకుంటారు. దానికి రెండు షరతులు. పీచు ఏ మిల్లుదో, ఎలా ఆరబెట్టారో, పెట్టెలు సర్దిన మనిషి సంతకంతో రాసివ్వాలి. ఇక్కడి అధికారి ఒకరు ఆ మిల్లుకి వచ్చి చూసి ధ్రువపత్రం ఇవ్వాలి. లేకపోతే అన్నీ కాల్చేయడానికి పంపినవారు అంగీకారం తెలపాలి.

"అదేం పెద్ద పని కాదండి" అన్నాడు మోహన్. "అధికారితో నేను మాట్లాడతాను. సార్ చేత సంతకం పెట్టించండి. నాలుగు రోజుల్లో అయిపోద్ది."

"సార్‌కి ఫోన్ చెయ్యకు" అన్నాను. "ఓడ ఎక్కడుందని అడిగితే, ఇంకా తెలీదని చెప్పు."

"ఆయ్, మేడం" అన్నాడు.

ఆ కాగితం ప్రింటు తీసి, మడిచి, చేతిసంచీలో పెట్టుకున్నాను. ఎనిమిది రోజులు అది నాతో బడికి వచ్చింది, ఇంటికి వచ్చింది. రోజూ సాయంత్రం ఇవాళ చెప్పాలి అనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో పాఠం తయారు చేసుకున్నట్టు తయారు చేసుకున్నాను. మీ తప్పు కాదండి, ఫారంలో టిక్కు పెట్టింది నేను, పీచు ఆరిందన్నది నేను. ఇవన్నీ నిజాలే. కాని ఆయన వినేది ఒకటే అని నాకు తెలుసు. ఫిబ్రవరిలో ఎంతమంది ఎన్ని చెప్పినా ఆయన విన్నది తాళం చెవి ఒక్కటే.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి మిల్లుకి వెళ్ళాను. అక్కడే చెప్పి, అక్కడే సంతకం పెట్టించాలని నిశ్చయించుకున్నాను. యంత్రం ఆపి అందరూ అన్నాలు తింటున్నారు. మా ఆయన పటం దగ్గర నిలబడి మరిడమ్మకి ఫిజీ చూపిస్తున్నారు.

"ఆ చుక్కేనా అండి? చీమ తలకాయంత లేదు. మన పెట్టెలన్నీ అందులో పడతాయా?"

"పడతాయిలే. మూల ఖాళీ లేకుండా సర్దేం కదా" అన్నారు.

మరిడమ్మ పెద్దగా నవ్వింది. ఆయన కూడా నవ్వారు. చిన్న నవ్వే. త్రిమూర్తులు ముద్ద నోటి దగ్గర ఆపి నా వైపు చూశాడు.

"ఏంటి, ఈ వేళప్పుడు వచ్చేవు?" అన్నారు నన్ను చూసి.

"ఊరికేనండి. ఒక పూట సెలవు దొరికింది."

"కబురేమైనా వచ్చిందా?"

సంచీలో నా చెయ్యి కాగితం మీదే ఉంది.

"నీకోటి చూపించాలి, ఇలా రా" అని ఆయనే మళ్ళీ అన్నారు. తలుపు దగ్గరికి తీసుకెళ్ళారు. కొత్త తాళం వేలాడుతోంది. "పాతది తీసేసేను. దీనికి రెండు చెవులు చేయించేను. ఒకటి నా దగ్గర, ఒకటి త్రిమూర్తులు దగ్గర. ఇంక నేను మర్చిపోయినా ఫరవాలేదు. ఇంటికి ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు."

తాళం తిప్పి చూపించారు. బాగా తిరుగుతోంది. "బావుందండి" అన్నాను.

"కబురేమైనా వచ్చిందా అన్నాను."

"ఇంకా లేదండి."

సంచీ జిప్పు వేశాను. మరిడమ్మ నాకో పీట వేసింది. కాసేపు కూర్చుని ఇంటికి వచ్చేశాను.

పన్నెండో రోజున మోహన్ మళ్ళీ ఫోన్ చేశాడు. "పోనీ త్రిమూర్తులు గారి చేత రాయిద్దామండి. సర్దింది ఆయనేనని."

"మిల్లు చూడ్డానికి అధికారి వస్తాడు కదా బాబూ. వచ్చినవాడు ఎవరితో మాట్లాడతాడు?"

"నన్నోసారి సార్‌తో మాట్లాడనివ్వండి. నెమ్మదిగా చెప్తానండి."

"వద్దు."

"తులసి బుక్స్ కూడా అందులోనే ఉన్నాయి కదండి."

"తెలుసు."

ఆ రోజు విరామంలో స్టాఫ్ రూము కంప్యూటరు ముందు కూర్చుని, కాల్చివేయడానికి అంగీకరిస్తున్నానని ఉన్న ఫారం నింపాను. పేరు, ఉద్యోగం, తేదీ. ఈసారి ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదివాను. పంపాక, తర్వాతి పీరియడు ఎనిమిదో తరగతికి వెళ్ళాను. పంచాంగం తెచ్చిన పిల్ల లేచి నిలబడి, "టీచర్, ఫిజీ వాళ్ళు మన బుక్స్ చదివేరంటారా?" అని అడిగింది. కూర్చోమన్నాను. పాఠం చెప్పాను.

నేను చేసింది ఆయన కోసమే అని చాలా రోజులు అనుకున్నాను. ఆ గడిలో టిక్కు నాది. అది చెప్పుకోవలసి వస్తుందన్న భయం కూడా నా సంచీలో ఉండి ఉంటుంది. రెండింటిలో ఏది ఎంతో కొలవడం నాకు చేతకాలేదు.

వారం తర్వాత ధ్రువపత్రం వచ్చింది. ఇరవై ఆరు పెట్టెలు, బరువు, కాల్చిన తేదీ. దాన్ని ప్రింటు తీసి బీరువాలో చీరల వెనక, తాళం చెవి పెట్టిన చోటే పెట్టాను. గోరింటాకులు కూడా అక్కడే ఉన్నాయి.

వినాయక చవితి ముందురోజు మా ఆయన పత్రి తెచ్చి వసారాలో పోస్తూ అడిగారు.

"మోహన్ సరిగ్గా చెప్పట్లేదు. పెట్టెలు చేరేయా?"

"చేరేయండి" అన్నాను. అది అబద్ధం కాదు.

ఆయన పత్రి మధ్యలో కూర్చుండిపోయారు. "చెమ్మ తగిలిందా?" అన్నారు.

"లేదండి."

ఇది అబద్ధం.

"చెప్పింది కదా అది, సముద్రంలో పడినా తగలదని." ముఖం అటు తిప్పుకున్నారు. "ఆ టీచరుగారికి రాయి. పిల్లలు పుస్తకాలు పట్టుకున్న ఫోటో ఒకటి పంపమను. పెద్దది చేయించి మిల్లులో పెడతాను."

మర్నాడు మిల్లు గోడకి, పటం పక్కన, మేకు కొట్టారు. అది అక్కడే ఉంది. ఫోటో వచ్చిందా అని పది రోజులకోసారి అడుగుతారు. అక్కడ నెట్టు సరిగ్గా ఉండదని చెబుతున్నాను.

పెట్టెలు కాల్చేశారనీ, ఫారంలో తప్పు నాదనీ లితియా గారికి రాశాను; ఆమె జవాబు సెప్టెంబరులో వచ్చింది. "మీరు బాధపడకండి. మా నాన్న కూడా సామాన్లు పీచులోనే సర్దేవాడు. మీ స్థానంలో ఉంటే నేనూ 'లేదు' అనే రాసేదాన్ని. తులసికి నా ప్రేమ చెప్పండి. తను రాసి చాలా రోజులైంది. పిల్లలు అడుగుతున్నారు, వాళ్ళకి ఏమని చెప్పమంటారు?" అని రాశారు.

తులసి లేదన్న సంగతి నేను ఆమెకి ఎప్పుడూ రాయలేదు. ఇప్పటికీ రాయలేదు. పుస్తకాలు లేవన్న సంగతి మా ఆయనకి చెప్పలేదు.